నిలబడి తిన్న బుక్కలు

నా కాలు కాలుతుందని నాకంటె ముందు పక్కోనికి తెలిసింది.

పొద్దున ఎనిమిది దాటింది. ఇంటెనుక కట్టెల పొయ్యి మీదికెళ్లి అన్నం డేగిస దించి గంజి వంపుతున్న. నల్లా కాడ చేతులు కడుక్కుంటున్న శ్రీకాంత్, మా మెస్సుల తినే ఇంజినీరు పిలగాడు, "ఆంటీ, మీ కాలి మీద నిప్పుందండి" అన్నడు. వంగి చూస్తే పొయ్యిల నుంచి జారిన బొగ్గు నా కుడికాలు మట్టె వేలు మీద పడి ఉంది. తోలు కాలిన వాసన గూడ వస్తుంది. నాకేమో సుర్రుమనలే. చేత్తోని తట్టేసి వాని ముందర నవ్విన. "వంట చేసేటోళ్లకు గివన్నీ ఉంటయ్ బాబూ" అన్న. వాడు నవ్వలే. "అదేంటండీ, నొప్పి లేదా?" అని రెండు సార్లు అడిగిండు. గా మాట గప్పుడే పట్టించుకుంటే గియ్యాల గిది చెప్పుకునే గతి రాకుండె.

నా పేరు బాలమణి. పుట్టింది హఫీజ్‌పేట్‌ల, ఇచ్చింది మాదాపూర్‌కు. నేను చెప్తుంటే మా బిడ్డ సరిత రాస్తుంది, తప్పులుంటే దానియి. అప్పుడు నాకు నలభై రెండేండ్లు. గుట్టలు పేల్చి కంప్యూటర్ కంపెనీలకు గుండ్రటి పెద్ద బిల్డింగు లేపుతున్న రోజులు. పొద్దంత లారీలు, దుమ్ము. మా చేను రోడ్డుకింత, ప్లాట్లకింత పోయింది. మిగిలిన జాగల రూములు ఏసి కిరాయికిచ్చినం. ఎక్కడెక్కడికెళ్లో వచ్చిన ఇంజినీర్లకు సుట్టుపక్కల ఒక్క మంచి హోటల్ లేకుండె. మా ఆయన మల్లేశం, "నీ చేతి వంట మంచిగుంటది, మెస్సు పెడదాం" అన్నడు. పెట్టింది ఆయన, వండింది నేను. ఇరవై మంది దాక తింటుండిరి, ఎక్కువ మంది గుంటూరు, విజయవాడ దిక్కు పిల్లలు. వాళ్లకు పూట పూటకు సన్నబియ్యం అన్నం మల్లెపువ్వు లెక్క ఉండాలె.

నిజం చెప్పాలంటే బొగ్గు పడక ముందుకెళ్లే ఒంట్ల తేడా ఉంది. ఏడాది నుంచి ఒకటే దూప. చెంబెడు నీళ్లు తాగినా నాలుక ఎండుతుండె. గడె గడెకు ఒంటికి పోవుడు. అరికాళ్లల్ల చీమలు పాకినట్టు అయితుండె. జాకెట్లు వదులైనయ్. మా ఆడబిడ్డ చూసి "సన్నబడి మంచిగున్నవ్ వదినె" అని మెచ్చుకున్నది. నేను గూడ మురిసిన.

కాలిన పుండుకు గల్లీల ఆరెంపీ డాక్టర్ మలాం ఇచ్చిండు. పసుపు పెట్టిన. మా అత్త ఏదో ఆకు దంచి కట్టింది. పదిహేను రోజులైనా మానలే. నొప్పి లేదు గనుక దాని మీదనే నిలబడి వండుతున్న. శ్రీకాంతే మల్ల అడిగిండు, "డాక్టర్ దగ్గరికి వెళ్లారా ఆంటీ? మా తాతగారికి ఇలాగే అయ్యిందండి."

"మరి మీ తాతకు తగ్గిందా?" అన్న.

వాడు ప్లేటు దిక్కు చూసుకుంట, "లేదండి, కాలు తీసేశారు. మీరు షుగర్ చూపించుకోండి" అన్నడు.

నేను, మా ఆయన బోరబండ దిక్కు ఒక నర్సింగ్ హోముకు ఆటోల పోయినం. డాక్టర్ సారు నెమ్మదస్తుడు. నన్ను కండ్లు మూసుకొమ్మని అరికాలి మీద పెన్సిల్ మొనతోని గుచ్చి, "ఇప్పుడు ఎక్కడ గుచ్చిన?" అని అడుగుతున్నడు. ఒక్కటి సరిగ చెప్పలేకపోయిన. పరిగడుపున నెత్తురు తీసిన్రు, తిన్నంక మల్ల తీసిన్రు. రిపోర్టు చూసి, "ఫాస్టింగ్ టూ సిక్స్టీ, పోస్ట్ లంచ్ ఫోర్ హండ్రెడ్ దాటింది. టైప్ టూ డయాబెటిస్ అమ్మా. ఇయ్యాల్టిది కాదు, శానా ఏండ్ల నుంచి ఉండొచ్చు. కాళ్ల నరాలు దెబ్బతిన్నయి, న్యూరోపతి అంటం. షుగర్ కంట్రోల్ కాకుంటే ఈ పుండు మానదు. మానకుంటే వేలు పోతది. వేలుతోని ఆగకుంటే కాలు" అన్నడు.

నా పనంత నిలబడి చేసేదే. కాలు పోతే నన్ను మూలకు కూసోబెట్టి ముద్ద పెట్టేటోళ్లెవరు? గప్పుడు మా ఆయన నోరు తెరిచి ఏం అడిగిండంటే, "సారూ, వంట చెయ్యొచ్చా?" అని. గది నేను మర్చిపోను.

"ఏం తింటవమ్మా?" అని అడిగిండు సారు.

"రెండు పూటల అన్నం సారూ, అందరు తిన్నట్టే" అన్న.

"అన్నం బంద్, చక్కెర బంద్. పూటకు రెండు చపాతీలు, కూరలు ఎక్కువ" అని గోళీలు రాసి, ఒక జిరాక్స్ కాయిదం చేతుల పెట్టిండు. డైట్ చార్ట్ అట. అంత ఇంగ్లీషే. ఇంటికొచ్చినంక సరిత సదివింది. కార్న్‌ఫ్లేక్స్ ఒక కప్పు, వెన్న తీసిన పాలు, బ్రౌన్ బ్రెడ్ రెండు ముక్కలు, ఒక ఆపిల్, సూపు, సలాడ్.

"కార్న్‌ఫ్లేక్స్ అంటే ఏందే?" అన్న.

"మక్కల అటుకుల లెక్క ఉంటయమ్మా. టీవీల చూపిస్తరు" అన్నది.

నాకు మండింది. గా కాయిదంల పుంటికూర లేదు, పచ్చిపులుసు లేదు, పెసర్లు లేవు, జొన్నరొట్టె లేదు. మా ఇండ్లల్ల పొయ్యి మీద ఏముంటదో గది రాసినోనికి తెల్వదు, తెలుసుకుందామని గూడ లేదు. రోజుకు ఇరవై మందికి వండేదాన్ని, నాకు నేను ఏం వండుకోవాలెనో చెప్పేటోడు లేడు. కాయిదాన్ని మడిచి దేవుని పటం ఎనుక పెట్టిన.

అన్నం మాత్రం బంద్ చేసిన. ఒట్టు, ప్లేట్ల ఒక్క మెతుకు పెట్టుకోలే. మెస్సు పిల్లల ముందర సన్నన్నం పొగలు కక్కుతుంటే నేను చల్లారిన చపాతీ నములుతుంటి. మా అత్తకు గిది మనసున పట్టలే. "గోదుమ రొట్టె తింటే కాలికి బలమెట్ల వస్తది పిల్లా? పుండు మానాలంటే గంజి తాగాలె" అని, పొద్దున వంపిన గంజిల ఉప్పేసి చెంబెడు ఇస్తుండె. గంజి అన్నం కాదు గద, నీళ్లే గద అనుకున్న. తాగితే పానానికి హాయిగుండె. పగటీలి ఇంకో చెంబు నేనే ముంచుకొని తాగుతుంటి.

నెల నెల వచ్చి చూపించుకొమ్మన్నడు డాక్టర్. గీడ నేను చేసిన పని చెప్పాలంటే సిగ్గయితది. టెస్టు అంటే నాకు పరీక్షనే, పాసు కావాలె. ఒక్కపొద్దులుండుడు నాకు చిన్నప్పటికెళ్లి అలవాటు. టెస్టు రెండు రోజులుందనంగ ఒక్కపొద్దు పడుతుంటి. గంజి లేదు, చపాతీ లేదు, పొద్దుమూకి ఇంత మజ్జిగ. మూడో రోజు పరిగడుపున పోయి నెత్తురిస్తే ఫాస్టింగ్ మంచిగ వస్తుండె. "గుడ్. నీ లెక్క చెప్పింది ఇనేటోళ్లు తక్కువమ్మా" అంటుండె సారు. తిన్నంక తీసే రెండో నెత్తురుకు "మెస్సు ఉంది సారూ, ఆల్చమైతది" అని తప్పించుకుంటుంటి. ఇంటికొచ్చి రెండు రోజుల ఆకలి తీరెదాక తింటుంటి. గా ఒక్కపొద్దు రోజులల్ల గోళీలు గూడ ఏసుకుంటుంటి, చేతులు వణికి చెమటలు పడుతుండె. దాన్ని లో షుగర్ అంటరని, పానం మీదికి తెచ్చుకునే పని అని తర్వాత తెలిసింది. ఎందుకు చేసినవంటే ఏం చెప్పాలె? సారు తిడతడని భయం. నయమైందంటే ఇంట్ల ఎవ్వరికి ఫికర్ ఉండదని. మా ఇండ్లల్ల ఆడోళ్లు శానా మంది గిట్లనే చేస్తరు.

నాలుగో నెలల వేలు నల్లబడ్డది. డాక్టర్ పరేషాన్ అయిండు. "షుగర్ మంచిగుంది, పుండెందుకు మానుతలే?" అని ఇంకో టెస్టుకు పంపిండు. హెచ్‌బీ ఏ వన్ సీ అంటరట, మూడు నెలల షుగర్ లెక్క ఒక్కసారే చెప్తదట. దానికి ఒక్కపొద్దు పని చెయ్యదు. రిపోర్టుల పన్నెండు దాటింది. సారు కాయిదాన్ని బల్ల మీద పెట్టి నా మొఖం దిక్కు చూసిండు.

"నువ్వు నాకు చూపించింది రెండు రోజుల షుగర్. ఇది మూడు నెలలది. నన్ను మోసం చేస్తే నాకేం పోతదమ్మా? కాలు నీది" అన్నడు.

పెద్ద దవాఖానకు రాసిండు. అక్కడి సర్జన్ గుడ్డ విప్పి చూసి, "గాంగ్రీన్. ఇయ్యాల తీస్తే వేలు పోతది, పది రోజులాగితే పాదం పోతది" అన్నడు. సంతకం పెట్టినం. తీసే ముందు సిస్టర్ వచ్చి మట్టె తియ్యాలన్నది. వాచిన వేలుకు పట్టుకొని ఊడలే, కత్తిరించిన్రు. మా అత్త గా వెండి ముక్కలు కొంగున కట్టుకొని ఏడ్చింది. నా వేలు కోసం ఏడుస్తుందనుకున్న. "పెనిమిటి బతికుండంగ మట్టె కోస్తరా, నా కొడుక్కేమైతదో" అని ఏడుస్తుంది. మంచం మీద పండుకున్నది నేను. గోడ దిక్కు తిరిగి పండుకున్న.

వార్డుల పన్నెండు రోజులు ఇన్సులిన్ ఇచ్చిన్రు. సిస్టర్ ఇచ్చింది తినుడు, మంచం మీద కూసునుడు. షుగర్ దిగింది, కోసిన జాగ ఎండింది. పంపేటప్పుడు సర్జన్ చెప్పిండు, "షుగర్ మల్ల గట్లనే పెడితే మల్లొస్తవ్. గప్పుడు పాదం కాడ కోస్తం." ఇంటికొచ్చిన నాలుగో నాడే పొయ్యి ముట్టిచ్చిన. ఇరవై మంది ఆకలి నా కాలు మానెదాక ఆగదు గద.

మా పై రూంల టీచరమ్మ ఉంటుండె. తెనాలి దిక్కామె, బడిల సైన్సు చెప్పి రిటైరయింది, కొడుకు కాడ ఉంటుంది. ఆమెకు పదిహేనేండ్ల నుంచి షుగర్. బక్క మనిషి, గట్టి మనిషి. నేను కుంటుకుంట నీళ్లు మోస్తుంటే చూసి కిందికి దిగొచ్చింది.

"బాలమణిగారూ, డాక్టరు నెలకోసారి చూస్తాడు. మీరు రోజూ మూడు పూటలా తింటారు. మిగతా రోజుల సంగతి ఎవరు చూడాలండీ?" అన్నది.

ఆమె చేతుల ఒక గాజు ట్యూబు, నీలి మందు సీసా, చిన్న స్పిరిట్ దీపం. ట్యూబుల నీలి మందు ఇంత పోసి, మన ఒంటి నీళ్లు ఎనిమిది చుక్కలు ఏసి, దీపం మీద కాచాలె. నీలంగనే ఉంటే ఒంటి నీళ్లల్ల షుగర్ లేనట్టు. పచ్చగైతే జర ఉన్నట్టు. పసుపు, నారింజ అయితే ఎక్కువ. ఇటుక రంగు తిరిగితే ఇగ చెప్పేదే లేదు. బెనెడిక్ట్ టెస్టు అంటరన్నది. వంట చేసే చేతులతోని గిదేం పని? గాని సర్జన్ మాట చెవుల మోగుతుంది. బాత్రూం పక్క గోడ సాటుకు దీపం వేరే, అగ్గిపెట్టె వేరే, సబ్బు వేరే పెట్టుకున్న.

మొదటి రోజు ఇటుక రంగు. రెండో రోజు ఇటుక. మూడో రోజు గూడ అదే.

"ఏం తిన్నారు?" అని అడిగింది టీచరమ్మ.

"రెండు చపాతీలు, చిక్కుడుకాయ కూర."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఇది రెండు చపాతీల రంగు కాదండి" అన్నది.

నాకు రోషమొచ్చింది. "నేనేం దొంగతిండి తింటలేను టీచరమ్మా" అన్న.

ఆమె తెల్లారి ఆదివారం పొద్దుగాల పేపరు, పెన్సిలు పట్టుకొని వచ్చి వంటింటి గడప కాడ కూసున్నది. పేపరు సదువుతున్నదనుకున్న. పగటి భోజనాలయ్యెదాక అట్లనే కూసున్నది. ఆఖరికి పేపరు అంచున గీసిన గీతలు చూపించింది.

"పొద్దున గంజి ఒక చెంబు. పదకొండింటికి ఇంకో చెంబు. అన్నం ఉడికిందో లేదోనని నోట్లో వేసుకున్నది మూడుసార్లు. ఉప్పు చూడ్డానికి పప్పు కలిపిన ముద్ద. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలిన పెరుగన్నం. డేగిస అడుగున గీకిన మాడు, గుప్పెడు. మొత్తం కలిపితే రెండు ప్లేట్ల అన్నం అండి. మీరు ఒక్కసారి కూడా కూర్చోలేదు."

ఒళ్లంత మంటలేసింది. "నా ఇంట్ల నేను తిన్న బుక్కలు లెక్కపెడతవా? కిరాయికున్నోళ్లు కిరాయికున్నట్టుండాలె" అన్న. ఏక వచనంల అన్న, అంత పెద్దమనిషిని. ఆమె పేపరు ముక్క చింపి ఉప్పు జాడీ కింద పెట్టి పైకి పోయింది. మూడు రోజులు మాట్లాడుకోలే.

నాలుగో రోజు అందరు తిని పోయిన్రు. డేగిస కడుగుదామని వంగిన. నా చెయ్యి దానంతటదే అడుగు గీకింది. బుక్క నోట్లకు వచ్చినంక గాని నాకు తెలుస్తలేదు. అట్లనే నిలబడ్డ. ఇరవై ఐదేండ్ల నుంచి గిదే. పెండ్లైన కొత్తల అత్త చెప్పింది, "అన్నం పారేస్తే ఇంట్ల లచ్చిమి నిలవదు. అందరు తిన్నంక గిన్నెల మిగిలింది కోడలిది" అని. దాన్ని తిండి అని ఎవ్వరనలే. తిండంటే ప్లేటు ముందర పెట్టుకొని కూసొని తినేది. నేను చేసేది గిన్నె ఖాళీ చేసుడు. ఏం తింటవని డాక్టర్ అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పలే. నాకు నిజంగనే యాదికి రాలే.

గా డేగిస పక్కనే కూలబడి ఏడ్చిన. నా మీద నాకు కోపం, మా అత్త మీద కోపం, గా వేలు మీద గూడ కోపమొచ్చింది. కండ్లు తుడుచుకొని పైకి పోయి, "టీచరమ్మా, తప్పైంది" అన్న.

"సరే, ఏడవకండి. ట్యూబు తెచ్చారా?" అన్నది.

ఆ రోజుకెళ్లి గంజి బంద్. మిగిలిన అన్నం, మాడు, అంత పక్కింటి బర్రెల కుడితి గోలెంలకు. మా అత్త రెండు రోజులు నాతోని మాట్లాడలే. ఉప్పు చూడనీకె ఒక్క చుక్క నాలిక మీద ఏసుకొని ఉమ్మేసుడు నేర్చుకున్న. మూడో రోజు ట్యూబుల రంగు ఇటుకకెళ్లి నారింజకు దిగింది. గంతకే పండుగైనట్టయింది నాకు.

ఇగ అక్కడికెళ్లి నా పరీక్షలు నేనే పెట్టుకున్న. ఒక తిండి రెండు రోజులు తినుడు, రంగు చూసుడు, సరిత నోటుబుక్కు ఎనుక పేజీల రాయించుడు. నాలుగు ఇడ్లీలు తింటే ఇటుక. ఆలుగడ్డ కూరతోని మూడు చపాతీలు, నారింజ. గా చపాతీలనే మందనుకొని నాలుగు నెలలు మింగిన. రాగిజావ పెద్ద గ్లాసు తాగితే పసుపు. గది చూసి టీచరమ్మ మొఖం చిన్నబోయింది, "నేను రోజూ తాగేది ఇదేనండి" అన్నది. చిన్న కప్పుతోని కొలిచి అన్నం పెట్టుకొని, దానికి రెండింతలు తోటకూర పప్పు తింటే మాత్రం పచ్చనే వచ్చింది. అన్నమే దయ్యం అనుకున్న గాని, దయ్యం నా చేతులల్ల ఉన్నది.

జొన్నరొట్టె యాదికొచ్చింది. హఫీజ్‌పేట్‌ల మా చెల్లెను జొన్నలడిగితే నవ్వింది. "మా ఇంట్ల గూడ ఎప్పుడో బంద్ అయినయే అక్కా. గిప్పుడెవరు తింటున్నరు?" అన్నది. ఎవరు తింటున్నరో బోరబండ గిర్ని కాడ చూసిన. బిల్డింగులకు రాళ్లు మోసే పాలమూరు కూలోళ్లు వరుసగ నిలబడి జొన్నలు పట్టిస్తున్నరు. వాళ్లనడిగి నేను గూడ తెచ్చుకున్న. మా ఆయనకు నామోషి అయింది.

"రూములేసుకొని, మెస్సు పెట్టుకొని, మల్ల కూలోళ్ల రొట్టెనా? నలుగురు చూస్తే ఏమనుకుంటరు?" అన్నడు.

"నలుగురు వచ్చి నా కాలు నాకిస్తరా?" అన్న.

రెండు జొన్నరొట్టెలు, గంగవాయిలి కూర పప్పు. ట్యూబుల రంగు నీలానికి జర ఇవుతల, లేత పచ్చ. పానం లేసొచ్చింది. ఇగ దొరికింది మందు అనుకొని తెల్లారి నాలుగు రొట్టెలు తిన్న, ఆ మీద ఇంత జొన్న గట్క. పసుపు దాటి నారింజ.

"జొన్నయినా గింజేనండి. ఏం తిన్నారో కాదు, ఎంత తిన్నారో కూడా రాయాలి" అన్నది టీచరమ్మ.

చిన్నప్పుడు నేను ఆరు రొట్టెలు తింటుంటి. గప్పుడు పొద్దంత చేన్ల వంగి కలుపు తీసేదాన్ని. చేను పోయింది, గా పని పోయింది, ఆకలొక్కటి నాతోని వచ్చింది. గిది తలుసుకుంటే ఇప్పటికి మనసు చేదైతది.

నెలన్నరల నాకు తెలిసిపోయింది. రెండే రొట్టెలు, గిన్నెడు ఆకుకూర, పెసర్ల గుగ్గిళ్లు గుప్పెడు, ఉలవచారు, మజ్జిగ. కాకరకాయ బెల్లం లేకుండ. గోళీలు తప్పకుండ, ఒక్కపొద్దులు ఇగ లేనే లేవు. మల్ల మూడు నెలల టెస్టు చేయిస్తే పన్నెండుకెళ్లి ఎనిమిది దగ్గరికి దిగింది. బోరబండ సారు నమ్మలే. నోటుబుక్కు ఎనుక పేజీలు తెరిచి ముందర పెట్టిన. శానాసేపు చదివిండు.

"ఇది జిరాక్స్ తీసుకోనా?" అన్నడు.

"తీసుకోండ్రి సారూ. మీ కార్న్‌ఫ్లేక్స్ కాయిదం ఎనుక కొట్టుండ్రి" అన్న. మొదటిసారి నవ్విండు. నేను నవ్వలే.

కాలు దక్కింది. మెస్సు దక్కలే. ఒకనాడు గోడ సాటుకు ట్యూబు కాస్తుంటే శ్రీకాంత్ అటొచ్చిండు. "ఏంటండీ అది?" అన్నడు. నా కాలి సంగతి అందరికంటె ముందు అడిగినోడు, వానికి దాచుడెందుకని ఉన్నదున్నట్టు చెప్పిన. సరేనండి అని పోయిండు. తెల్లారి తిననీకె రాలే. తర్వాత ముగ్గురు రాలే. వారం తిరిగేసరికి సగం ఖాళీ. చెప్పి పోదామని వచ్చిన ఒకడు మాత్రం, "వంటింట్లో అవేంటండీ" అని మొఖం పక్కకు తిప్పుకున్నడు. వంటింట్ల కాదు బాబూ, బాత్రూం కాడ, దీపం వేరే, సబ్బు వేరే అని చెప్పవోతే ఇననీకె గూడ ఆగలే. తాత కాలు పోయిన ఇంట్లకెళ్లి వచ్చినోడే అట్ల చేస్తే, మిగిలినోళ్లననేదేముంది?

"నీ ట్యూబు మెస్సును ముంచింది" అన్నడు మా ఆయన.

"నీ మెస్సు నా వేలును తిన్నది" అన్న నేను.

ఇప్పుడు మెస్సు లేదు. గుండ్రటి బిల్డింగు లేసింది, దాని చుట్టు హోటళ్లు లేసినయ్. కొడుక్కు ట్రాన్స్‌ఫరైతే టీచరమ్మ గూడ పోయింది, ట్యూబు నాకే ఇచ్చి పోయింది. ఇంట్ల గూడ చెప్పులేసుకొని తిరుగుత. రోజు పొద్దున అద్దం కింద పెట్టి అరికాళ్లు చూసుకుంట. తొమ్మిది వేళ్లు లెక్కపెట్టి లేస్త.

గీ కింది మాట రాయనంటుంది సరిత. రాయ్ అన్న. పోయిన నెల మా ఆయన తిని లేసినంక సరిత పొయ్యి కాడ నిలబడి గిన్నె అడుగు గీకుతుంది. నేను చూసిన. "ఏం చేస్తున్నవే?" అంటే, "రెండు బుక్కలే గదనే అమ్మా, పారేసుడెందుకు?" అన్నది. దానికి ఎవ్వరు నేర్పలే. నన్ను చూసి నేర్చింది. చేతులకెళ్లి గిన్నె గుంజుకున్న. పిల్ల భయపడ్డది. "ప్లేటు తెచ్చుకో. ఎంత కావాలెనో పెట్టుకొని, కూసొని తిను" అన్న. గిన్నె తీస్కపోయి కుడితి గోలెంల కడిగిన.

మంచంల నుంచి మా అత్త, "పిల్లకు గూడ నేర్పుతున్నవా, లచ్చిమిని ఎల్లగొట్టుడు?" అన్నది.

చెప్పు ఇడిచి, కాలు ఆమె మంచం పట్టె మీద పెట్టిన. మట్టె వేలు జాగ చూపించి, "గీడికెళ్లి ఎప్పుడో పోయిందత్తా" అన్న. ఆమె కొంగుతోని మొఖం తుడుచుకున్నది.

షుగర్ ఉన్నోళ్లకు, ముఖ్యం వండి పెట్టే ఆడోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ కాడికి పోయే ముందు ఒక్క దినం, పొద్దున లేసినకాడికెళ్లి నోట్లకు పోయిన ప్రతి బుక్క కాయిదం మీద రాయుండ్రి. కూసొని తిన్నది తర్వాత, నిలబడి తిన్నది ముందు రాయుండ్రి.